మీ చైనా ఫ్రెండ్ సీఈటీ-4 రాస్తున్నారా? మనోళ్ళు హెల్ప్ చెయ్యాల్సిన పద్ధతి ఇది

చైనాలో ఎంబీబీఎస్ చేస్తున్న మనోళ్ళకి, అక్కడ మాస్టర్స్‌కి వెళ్ళినోళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ రిక్వెస్ట్ తప్పదు. హాస్టల్లోనో క్యాంటీన్లోనో పరిచయమైన చైనా ఫ్రెండ్ వచ్చి, నీకు ఇంగ్లీష్ బాగా వచ్చుగా, నాకు సీఈటీ-4 అని ఇంగ్లీష్ పరీక్ష ఉంది, కొంచెం చూడవా అంటారు. మనోళ్ళు వెంటనే దానిదేముంది అని ఒప్పేసుకుంటారు, ఇక రోజూ గంటసేపు సినిమాల గురించి, తిండి గురించి ఇంగ్లీష్‌లో కబుర్లు, తీరా పరీక్ష అయ్యాక చూస్తే స్కోరు ఎక్కడిదక్కడే. కబుర్లతో మాట్లాడటం వస్తది, కాదనను, కానీ ఈ రాత పరీక్షలో మాట్లాడే భాగమే లేదు కదా. స్పీకింగ్ టెస్ట్ విడిగా ఉంటది, కావాలనుకున్నోళ్ళు రాసుకుంటారు.

నేనైతే ఇదో మంచి బేరం అంటాను. చాలా యూనివర్సిటీల్లో మనకి డిగ్రీ చేతికి రావాలంటే హెచ్ఎస్‌కే అనే చైనీస్ భాష పరీక్షలో లెవెల్ 4 కావాలి, వాళ్ళకి సీఈటీ-4 కావాలి, ఇచ్చిపుచ్చుకోవడమే. కాకపోతే బేరం నిలబడాలంటే ముందు ఆ పరీక్ష ఏంటో మనకి తెలియాలి.

సీఈటీ అనగానే మనకి ఎంసెట్, ఐసెట్ గుర్తొస్తాయి గానీ ఇది ఎంట్రన్స్ కాదు. కాలేజ్ ఇంగ్లీష్ టెస్ట్, ఆల్రెడీ కాలేజీలో చదువుతున్నోళ్ళకే, అప్లై చెయ్యాల్సింది కూడా వాళ్ళ కాలేజీ ద్వారానే. 1987లో మొదలైంది, దీని పైమెట్టు సీఈటీ-6 అని 1989లో వచ్చింది. ఏడాదికి రెండు సార్లు, జూన్‌లో ఒకటి డిసెంబర్‌లో ఒకటి. విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినోళ్ళు ఇండియాలో రాసే మన ఎఫ్ఎంజీఈ లాగానే అన్నమాట, ఇద్దరికీ ఒకే సీజన్లో టెన్షన్. మొత్తం 710 పాయింట్లు. 2005లో మార్కుల పద్ధతి మార్చినప్పటి నుంచి పాస్, ఫెయిల్ అని సర్టిఫికెట్ మీద వెయ్యరు, స్కోరు మాత్రమే ఇస్తారు, కానీ 425 వస్తేనే సీఈటీ-6 రాయనిస్తారు కాబట్టి అందరూ 425నే పాస్ కింద లెక్కేస్తారు. ఉద్యోగాల ప్రకటనల్లో కూడా దీన్ని అడుగుతుంటారు, అందుకే వాళ్ళకి అంత కంగారు.

పేపర్ ఇలా ఉంటది. ముందు ఎస్సే 30 నిమిషాలు, తర్వాత లిజనింగ్ సుమారు 25 నిమిషాలు, తర్వాత రీడింగ్ 40, చివర్లో ట్రాన్స్‌లేషన్ 30. ఎస్సేకి 15 శాతం, లిజనింగ్‌కి 35, రీడింగ్‌కి 35, ట్రాన్స్‌లేషన్‌కి 15. ఈ శాతాలు మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, ఎందుకంటే చైనా పిల్లలు ఎక్కువ టైం పెట్టేది వర్డ్ లిస్టుల మీద, మార్కులు ఎక్కువ ఉన్నదేమో చెవి మీద, కంటి మీద. లిజనింగ్, రీడింగ్ రెండూ కలిపితే 70 శాతం. గ్రామర్ బిట్లు అంటూ విడిగా ఏమీ లేవు, టెన్త్‌లో మనం చేసిన యాక్టివ్ వాయిస్ పాసివ్ వాయిస్ ఇక్కడ ఎవరూ అడగరు.

మొదటి పని, పాఠం మొదలెట్టకముందే ఒక పాత పేపర్ పూర్తిగా గడియారం పెట్టి రాయించడం. పాత పేపర్లని వాళ్ళు జెన్‌తీ అంటారు, ఆడియోతో సహా పుస్తకాలు దొరుకుతాయి, మీరు కొత్తగా మెటీరియల్ ఏమీ తయారు చెయ్యక్కర్లేదు, దయచేసి మన స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకాలు ఫోటోలు తీసి పంపించొద్దు. మరీ పాతవి కూడా వద్దు. 2013 డిసెంబర్‌లో ట్రాన్స్‌లేషన్ పద్ధతి మారింది, 2016 జూన్ నుంచి లిజనింగ్‌లో న్యూస్ వచ్చింది, అందుకని 2016 జూన్ తర్వాతవే తీసుకోండి. ఆ మొదటి పేపర్లో ఎన్ని వచ్చాయి అన్నది ముఖ్యం కాదు, ఎక్కడ పోయాయి అన్నది రాసుకోవాలి, లిజనింగ్‌లో న్యూస్‌లో పోయాయా పొడుగు ప్యాసేజ్‌లో పోయాయా, రీడింగ్‌లో అర్థం కాక పోయాయా టైం చాలక పోయాయా. ఈ చివరి తేడా వాళ్ళకే తెలియదు ఒక్కోసారి. టైం అయిపోయాక వేరే రంగు పెన్ను ఇచ్చి మిగిలింది కూడా రాయించండి, అప్పుడు బయటపడుతుంది.

ఇప్పుడు లిజనింగ్. ఇక్కడ మనం చేసే పెద్ద తప్పుడు సాయం ఏంటంటే మనమే చదివి వినిపించడం. రికార్డింగులు అమెరికన్, బ్రిటిష్ గొంతులు, మన ట, డ, ర ల ఇంగ్లీష్ వాళ్ళ చెవికి అస్సలు ఎక్కదు, ఎక్కినా పరీక్షలో అది రాదు. కాబట్టి మీ నోరు కట్టేసుకుని పాత పేపర్ల ఆడియోనే వాడండి.

మూడు న్యూస్ బిట్లకి 7 ప్రశ్నలు, రెండు పొడుగు సంభాషణలకి 8, మూడు ప్యాసేజ్‌లకి 10, మొత్తం 25. అన్నీ ఒక్కసారే వినిపిస్తారు, మళ్ళీ వెయ్యరు. ప్యాసేజ్‌ల పది ప్రశ్నలకే 20 శాతం, అంటే మామూలు లెక్కన ఒక్కో ప్రశ్న 14.2 పాయింట్లు, న్యూస్ ప్రశ్న 7.1. కానీ పిల్లలు న్యూస్‌లో తడబడి ఆ దిగులుతోనే ప్యాసేజ్‌ల దాకా వస్తారు, అసలు మార్కులున్న చోటికి వచ్చేసరికి మనసు పాడైపోయి ఉంటది. పోయిన ప్రశ్న పోయింది, ఏదో ఒక ఆప్షన్ పెట్టి ముందుకెళ్ళిపో అని ముందే అలవాటు చెయ్యాలి, ఇది చెప్తే రాదు, ప్రాక్టీస్‌లో మీరు పక్కనుండి ఆపకుండా ప్లే చేస్తేనే వస్తది.

ఒక ఆడియోని మూడు రకాలుగా వాడాలి. ముందు పరీక్షలో లాగా ఒక్కసారి విని ఆన్సర్లు పెట్టడం. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆపి విన్నది విన్నట్టు రాయడం, రాసింది స్క్రిప్ట్‌తో పోల్చి తేడాలకి గీత పెట్టడం. ఇక్కడే మీరు పనికొస్తారు. గీత పడ్డ ప్రతి చోటా ఆ మాట తెలియక పోయిందా, లేక తెలిసిన మాటే పక్క మాటతో అతుక్కుని వినపడక పోయిందా అని అడగండి. చైనీస్‌లో మాట చివర హల్లులు చాలా తక్కువ, దాదాపు న్, ఙ్ లాంటివే, అందుకని ఇంగ్లీష్‌లో చివర వచ్చే ట్, డ్, క్, స్ వాళ్ళ చెవి దాటి పోతాయి, వర్క్‌డ్ అన్నది వర్క్ లాగా వినిపిస్తది. మనకీ చిన్నప్పుడు అంతే కాకపోతే మనం ఉల్టా, చివర ఒక ఉ చేర్చి బస్సు, కారు చేసేసుకున్నాం. మూడోది, స్క్రిప్ట్ చూడకుండా ఆడియో వెంటే పలకడం. రోజుకి ఒక న్యూస్ బిట్ ఇలా పూర్తిగా చేస్తే చాలు, పది బిట్లు ఊరికే వినడం కన్నా అదే పనికొస్తది. ఇంకోటి, ప్రశ్నలు పేపర్ మీద ఉండవు, ఆప్షన్లే ఉంటాయి, ప్రశ్న కూడా చెవితోనే వినాలి. అందుకని ఆడియోలో సూచనలు చదివే ఆ కాస్త టైంలో ఆప్షన్లు గబగబా చూసి ఏ విషయం గురించో ఊహించడం నేర్పండి. న్యూస్‌కి మొదటి వాక్యంలోనే సగం విషయం ఉంటది.

ఇక అసలు మన బలం ఎక్కడుందో చెప్తాను, గ్రామర్ తప్పుల దగ్గర. అమెరికా వాడికి వాళ్ళ వాక్యం తప్పని తెలుస్తది గానీ ఎందుకు అలా రాశారో తెలియదు. మనం కూడా ఇంగ్లీష్ బయటి నుంచి నేర్చుకున్నోళ్ళమే, అందులోనూ తెలుగుకీ చైనీస్‌కీ కొన్ని చోట్ల వింతగా కలుస్తది.

బెసెంట్ రోడ్డులో నిన్న నేను కొన్న చొక్కా అంటాం మనం, వర్ణనంతా ముందు, చొక్కా చివర. చైనీస్‌లో కూడా అంతే, ఎంత పొడుగు వర్ణనైనా ముందే వచ్చేస్తది, నామవాచకం చివర్లో. ఇంగ్లీష్‌లో చొక్కా ముందొచ్చి మిగతాదంతా వెనకాల తోకలా వస్తది. అందుకే పొడుగు వాక్యం చదివేటప్పుడు వాళ్ళకి తోక ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో అందదు, రాసేటప్పుడేమో తోక పెట్టడమే మానేస్తారు. తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్ళకి ఇది ఎలా దాటాలో ఒంటికి తెలుసు. ఏం చెయ్యాలంటే రీడింగ్ ప్యాసేజ్‌లో ప్రతి దట్, విచ్, హూ దగ్గర బ్రాకెట్ తెరిపించండి, అది ఎక్కడ అయిపోతే అక్కడ మూయించండి, బ్రాకెట్ తీసేసి మిగిలిన వాక్యం చదివించండి. కొన్ని వారాలు చేస్తే ఇక బ్రాకెట్లు అక్కర్లేకుండానే కనపడతాయి.

ఎక్కువగా వచ్చే మిగతా తప్పులు: ఆల్‌దో పెట్టి మళ్ళీ మధ్యలో బట్ పెడతారు, బికాజ్ పెట్టి మళ్ళీ సో పెడతారు, ఎందుకంటే వాళ్ళ భాషలో రెండూ జంటగానే వస్తాయి. దేర్ ఆర్ మెనీ పీపుల్ థింక్ అని రాస్తారు, ఒకే వాక్యంలో రెండు క్రియలు పక్కపక్కన, అది వాళ్ళకి సహజం. ఫుల్‌స్టాప్ పెట్టాల్సిన చోట కామా పెట్టి అలా రాసుకుంటూ పోతారు (నేనూ ఇక్కడ అదే చేస్తున్నా అనుకోండి, నాకు మార్కులు వేసేవాళ్ళు లేరు). కాలం సంగతి ఇంకా ముఖ్యం. చైనీస్‌లో క్రియ రూపం కాలాన్ని బట్టి మారదు, నిన్న, రేపు లాంటి మాటలతోనూ కొన్ని చిన్న ప్రత్యయాలతోనూ సరిపెడతారు. తెలుగులో వెళ్ళాను, వెళ్తాను అని మారుతుంది కాబట్టి మనకి ఈ ఇబ్బంది తక్కువ. వాళ్ళు ఎస్సే రాశాక ఒక రౌండ్ కేవలం క్రియలకి సున్నా చుట్టించండి, ఇంకో రౌండ్ బహువచనం ఎస్ కోసం. ఒకేసారి అన్నీ చూడమంటే ఏదీ కనపడదు.

ఆర్టికల్స్ విషయంలో మాత్రం కాస్త తగ్గండి. ఎ, ది అన్నవి వాళ్ళ భాషలోనూ లేవు మన భాషలోనూ లేవు, ఇక్కడ ఇద్దరం గుడ్డోళ్ళమే. అనుమానం వస్తే పాత పేపర్ ప్యాసేజ్‌లో అలాంటి వాక్యం వెతికి చూపించండి, మీకు తోచింది చెప్పొద్దు.

రీడింగ్‌లో మూడు ముక్కలు. ఒకటి పది ఖాళీలు, పక్కన 15 పదాలు, ఒక్కో పదం ఒక్కసారే. రెండోది పెద్ద వ్యాసం, పది వాక్యాలిచ్చి ఏది ఏ పేరాలో ఉందో చెప్పమంటారు. మూడోది రెండు ప్యాసేజ్‌లు, అయిదేసి ప్రశ్నలు. మార్కులు చూడండి, ఖాళీలు పదికి 5 శాతం, పేరాలు పదికి 10, చివరి పది ప్రశ్నలకి 20. అంటే అదే శ్రమకి నాలుగు రెట్లు. అయినా వరసగా రాసుకుంటూ పోయి ఖాళీల దగ్గర పావుగంట కూర్చుంటారు. ముందు చివరి ప్యాసేజ్‌లు, తర్వాత పేరాలు, టైం మిగిలితే ఖాళీలు, ఇదే ఆర్డర్. ఖాళీలు చేసేటప్పుడు 15 పదాల్ని ముందు నామవాచకాలు, క్రియలు, విశేషణాలు అని విడగొట్టేస్తే సగం ఖాళీలు అర్థం తెలియకపోయినా పడిపోతాయి. పేరాల దానికి ముందు పది వాక్యాలు చదివి పేర్లు, అంకెలు, ఏళ్ళ కింద గీత పెట్టి అప్పుడు వ్యాసంలోకి వెళ్ళాలి, ఒకే పేరా రెండు సార్లు ఆన్సర్‌గా రావచ్చు అని కూడా చెప్పండి.

ట్రాన్స్‌లేషన్ అనగానే మనోళ్ళు నాకు చైనీస్ రాదు కదా అని చేతులెత్తేస్తారు. నిజానికి రాకపోవడమే మంచిది! 140 నుంచి 160 చైనీస్ అక్షరాల పేరా ఇచ్చి ఇంగ్లీష్‌లోకి మార్చమంటారు, విషయం వాళ్ళ సంస్కృతి, చరిత్ర, ఆర్థికం, సమాజం, అంటే టీ, పండగలు, రైళ్ళు, ఊళ్ళు ఇలాంటివి. మీ ఫ్రెండ్ రాసిన ఇంగ్లీష్ మాత్రమే మీరు చదవండి, చైనీస్ చూడొద్దు. చదివి మీకేం అర్థమైందో చెప్పండి. మీకు అర్థం కానిది పేపర్ దిద్దేవాడికి మాత్రం ఎలా అర్థమవుతుంది? మీరు చెప్పింది విని అబ్బే నేనన్నది అది కాదు అంటే ఆ వాక్యం మళ్ళీ రాయాలి, అంతే, గ్రామర్ లెక్చర్ కూడా అక్కర్లేదు.

ఇక్కడ మన ఊరి విషయాలు బాగా పనికొస్తాయి. కొండపల్లి బొమ్మ గురించి మీరు ఇంగ్లీష్‌లో ఓ అయిదారు వాక్యాలు చెప్పండి, తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికిస్తారు, తర్వాత రంగులేస్తారు అని. పొణికి అన్న మాటకి ఇంగ్లీష్ మీకూ తట్టదు, మెత్తని తేలికపాటి చెక్క అని చెప్పి నెట్టుకొస్తారు కదా, సరిగ్గా అదే వాళ్ళు పరీక్షలో చెయ్యాల్సింది, మాట తట్టకపోతే దాన్ని వివరించి దాటేయడం, ఖాళీ వదలకపోవడం. తర్వాత వాళ్ళని వాళ్ళ ఊరి బొమ్మ గురించో పేపర్ కటింగ్ గురించో అలాగే చెప్పమనండి. మీ ఫ్రెండ్ కారానికి పేరున్న సిచువాన్ వాళ్ళైతే మిర్చి మీద పెట్టండి, గుంటూరు యార్డ్ నుంచి తేజ రకం మిర్చి చైనాకి బాగానే వెళ్తది, ఎగుమతి, దిగుమతి, ధర, పంట లాంటి మాటలన్నీ ఒక్క కబుర్లో వచ్చేస్తాయి. మామూలు కబుర్లు వద్దన్నాను గానీ ఈ రకం కబుర్లు పర్లేదు.

చైనీస్‌లో ఒక్క వాక్యం కామాలతో నాలుగు లైన్లు సాగుతుంది, దాన్ని ఇంగ్లీష్‌లో కూడా ఒక్క వాక్యంలో కుక్కాలని చూస్తారు. రెండు మూడు ముక్కలు చెయ్యమనండి.

ఎస్సే 120 నుంచి 180 పదాలు. లెటర్ అడగొచ్చు, అభిప్రాయం అడగొచ్చు. ఇక్కడ టెంప్లేట్ల జబ్బు ఉంటది, ప్రతి ఎస్సే విత్ ది రాపిడ్ డెవలప్‌మెంట్ ఆఫ్ సొసైటీ అనే మొదలవుతుంది, పెళ్ళికార్డు లాగా పేర్లు మారతాయి మేటర్ మారదు. ఇంటర్‌లో బట్టీ పట్టిన మనం వాళ్ళని ఏమనలేం గానీ, మొత్తం మానిపించక్కర్లేదు కూడా, పేరాలని కలిపే మాటలు ఉంచి మధ్యలో రెండు సొంత ఉదాహరణలు పెట్టించండి చాలు. వారానికి ఒకటి రాసినా సరే, అదే ఎస్సేని దిద్దాక మళ్ళీ రాయించాలి.

పదాల సంగతి పెద్దగా చెప్పేది లేదు, యాప్‌లు వాళ్ళ దగ్గరే బోలెడు. అక్షర క్రమం లిస్ట్ మొదలెడితే మొదటి మాట అబాండన్, అక్కడే పుస్తకాన్ని వదిలేస్తారని వాళ్ళలో వాళ్ళకే జోకు. పాత పేపర్లలో తగిలిన పదాలే వాక్యంతో సహా రాసుకోమనండి.

సెలవులకి విజయవాడ వచ్చేశాక ఇదంతా ఎలా అంటే, వీచాట్ ఇండియాలో 2020 జూన్ నుంచి బ్యాన్, వాట్సాప్, జీమెయిల్ వాళ్ళ దగ్గర మామూలుగా తెరుచుకోవు. బయల్దేరే ముందే ఒకరి ఈమెయిల్ ఒకరు తీసుకుని ఒక టెస్ట్ మెయిల్ పంపి చూసుకోండి. ఎస్సేలు ఫోటో తీసి మెయిల్ చేస్తే మీరు దిద్ది పంపొచ్చు, పలికింది రికార్డ్ చేసి అటాచ్ చెయ్యొచ్చు. లైవ్‌గా మాట్లాడే దారి కుదిరితే టైం గుర్తుంచుకోండి, వాళ్ళు మనకన్నా రెండున్నర గంటలు ముందు, మనం భోంచేసి పదింటికి తీరిగ్గా కూర్చుంటే వాళ్ళకి పన్నెండున్నర, చాలా హాస్టళ్ళలో అప్పటికి లైట్లు తీసేస్తారు. సాయంత్రం ఆరు, ఏడు మధ్య పెట్టుకోండి. మధ్యాహ్నం పడుకుంటే మీరెలాగూ ఆ టైంకి గానీ లేవరు.

జూన్ పరీక్షకి మార్చిలో మొదలెడితే నిదానంగా అవుతుంది. ఆఖరి నెలలో వారానికొక పూర్తి పేపర్, అది కూడా శనివారం ఉదయం, ఎందుకంటే సీఈటీ-4 సాధారణంగా శనివారం పొద్దున 9 గంటలకి ఉంటది, ఒంటికి ఆ టైం అలవాటవ్వాలి. మనకి అది ఆరున్నర, లేచి పలకరించక్కర్లేదు లెండి, పేపర్ రాసి పంపమనండి.

పరీక్ష రోజుకి చెప్పాల్సినవి కొన్నే. బిట్లకి 2బి పెన్సిల్, ఎస్సేకి ట్రాన్స్‌లేషన్‌కి నల్ల పెన్ను. లిజనింగ్ అవ్వగానే మొదటి ఆన్సర్ షీట్ తీసేసుకుంటారు, కాబట్టి లిజనింగ్ ఆన్సర్లు తర్వాత బబుల్ చేద్దాంలే అనుకుంటే అంతే సంగతులు, వింటూనే బబుల్ చెయ్యాలి. ప్రాక్టీస్‌లో కూడా మీరు షీట్ లాగేసుకోండి మొహమాటం లేకుండా. చాలా క్యాంపస్‌లలో లిజనింగ్ రేడియో హెడ్‌సెట్‌తో వినాలి, బ్యాటరీలు కొత్తవి వేసుకుని ముందు రోజే ఆ ఫ్రీక్వెన్సీ పెట్టి చూసుకోమనండి. ఒకే రోజు రెండు మూడు రకాల పేపర్లు ఇస్తారు, పక్కోడి పేపర్ వేరే ఉండొచ్చు. ముందు రోజు రాత్రి ఆన్సర్లు అమ్ముతాం అని వచ్చే మెసేజ్‌లకి డబ్బులు కట్టొద్దని గట్టిగా చెప్పండి.

రిజల్ట్స్ జూన్‌వి ఆగస్ట్ చివర్లో, డిసెంబర్‌వి ఫిబ్రవరి చివర్లో ఆన్‌లైన్‌లో వస్తాయి. స్కోర్ షీట్‌లో లిజనింగ్, రీడింగ్, ఎస్సే ప్లస్ ట్రాన్స్‌లేషన్ అని మూడుగా విడగొట్టి ఇస్తారు, 425 రాకపోతే ఆ మూడు అంకెలు మీకు పంపమనండి, డిసెంబర్‌కి ఎక్కడ మొదలెట్టాలో అందులోనే ఉంటది. వస్తే మాత్రం సీఈటీ-6 సంగతి ఎత్తేలోపు మీ హెచ్ఎస్‌కే పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టేయండి.